దుబాయి ఎంత దూరం?



మోతీనగర్‌లో మన సాయంత్రం తరగతికి ఒక అక్క వస్తుంది. ఆమె భర్త పనికోసం దుబాయి వెళ్లాడు. టికెట్టు జిరాక్సు అక్క దగ్గరుంది. హైదరాబాద్‌లో బయలుదేరేది ఉదయం 10 గంటలకు, దుబాయి చేరేది మధ్యాహ్నం 12:30కి అని దాని మీద ఉంది. అక్క కూడబలుక్కొని తానే చదివింది. రెండున్నర గంటలే కదా అనుకుంది.

పన్నెండున్నర దాటింది. ఒంటిగంట అయింది. ఫోన్ రాలేదు. అన్నం ముట్టలేదు. ఒంటిగంటన్నరకు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. "విమానానికి ఏమైనా అయిందా టీచరమ్మా?" అంది.

ఏమీ కాలేదు. విమానం ఇంకా గాలిలోనే ఉంది. అక్క చదివింది తప్పు కాదు. అంకెలూ తప్పు కాదు. కాని ఆ టికెట్టులో రెండు గడియారాలున్నాయి.

దూరం, వేగం

శంషాబాద్ విమానాశ్రయం నుంచి దుబాయి విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. మధ్యలో అరేబియా సముద్రం. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైలు దారి సుమారు 1,670 కిలోమీటర్లు. దానికే రైలుకు దాదాపు ఒక రోజు పడుతుంది. దుబాయి దానికి ఒకటిన్నర రెట్లు.

విమానం పైకి వెళ్లాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన మూడు గంటలు చాలు. కాని సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఎందుకని? పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు అంత వేగం ఉండదు. దారి గీత గీసినట్టు ఉండదు. పైన గాలి తరచుగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కితే ఎలా ఉంటుంది? అలాగే. తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. అందుకే మూడున్నర గంటల్లో వచ్చేస్తుంది.

రెండు గడియారాలు

దీపం ముందు నిమ్మకాయ పట్టుకొని తిప్పండి. వెలుగు కాయంతా ఒకేసారి పడదు. భూమి కూడా అంతే. మనం తూర్పున ఉన్నాం. మనకు ముందు తెల్లవారుతుంది. దుబాయి పడమరన ఉంది. వాళ్ల గడియారం మన కంటే గంటన్నర వెనక. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు.

ఉదయం 10కి నాలుగు గంటలు కలపండి. మనకు మధ్యాహ్నం 2. అందులో గంటన్నర తీసేయండి. దుబాయిలో 12:30. లెక్క సరిపోయింది!

దిగాక పాస్‌పోర్టు చూస్తారు. సామాను తీసుకోవాలి. దానికి గంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. అక్కకు మూడున్నరకు ఫోన్ వచ్చింది.

ఇంకో మాట. 2008 మార్చి దాకా విమానాలు మనకు దగ్గర్లోని బేగంపేటలో దిగేవి. ఇప్పుడు శంషాబాద్ పోవాలి. మోతీనగర్ నుంచి ముప్పై కిలోమీటర్ల పైమాటే. విదేశీ విమానానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. 10 గంటల విమానానికి తెల్లవారుజామునే ఇల్లు కదలాలి.

ఇప్పుడు ఆ అక్క ఇంటి గోడ మీద చాక్‌పీసుతో రాసుకుంది: "మన టైములో గంటన్నర తీసేస్తే దుబాయి టైము." ఆయన రాత్రి 8కి గదికి వస్తాడు. అక్క మన తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తుంది. ఎవరినీ అడగడం లేదు.

మీరు చేయండి

దుబాయిలో ఉదయం 10కి విమానం బయలుదేరింది. మూడున్నర గంటల ప్రయాణం. హైదరాబాద్‌లో దిగేటప్పుడు మన గడియారంలో ఎంత? (జవాబు: మధ్యాహ్నం 3 గంటలు)