పెట్రోల్ మైలేజ్: అదే బండి, అదే రూటు.. మరి వంద రూపాయల పెట్రోల్ ఇంత త్వరగా ఎందుకు అయిపోతోంది? అసలు లెక్క ఇదీ!

గోల్నాక నుంచి అంబర్‌పేట, ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక.. స్టూడెంట్లు, ఉద్యోగులు, డెలివరీ బాయ్స్ రోజూ తిరిగే రూటు ఇది. బంకులో ఆగి "వంద కొట్టన్నా" అనడం చాలామందికి అలవాటు. కానీ ఆ వంద ఒకప్పటిలా రెండు రోజులు రావట్లేదు. దీనికి కారణం పెట్రోల్‌లో కలిపే ఇథనాలా? సీజనా? లేక బండిలోనే లోపమా? ఒక్కొక్కటిగా చూద్దాం.

తగ్గింది మైలేజా.. పెట్రోలా?

హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 2021 జూన్‌లో 100 రూపాయలు దాటింది. అంటే అప్పటి నుంచి వందకు లీటరు కూడా రావట్లేదన్నమాట. 2024 మార్చిలో 2 రూపాయలు తగ్గించాక కూడా రేటు 107 రూపాయల పైనే నిలిచింది. ఆ రేటుకు వంద రూపాయలకు వచ్చేది సుమారు 930 మిల్లీలీటర్లే. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైక్ దాంతో 47 కిలోమీటర్ల లోపే ఆగిపోతుంది. ఇక్కడ బండి తప్పేమీ లేదు. ట్యాంకులో పడిన పెట్రోలే తక్కువ.

ఇథనాల్ వల్ల ఎంత తగ్గుతుంది?

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌ను కేంద్రం 2023 ఫిబ్రవరిలో ప్రారంభించింది. అంతకుముందు 10 శాతమే కలిపేవారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజ్ కొంత తగ్గడం నిజమే. నీతి ఆయోగ్ 2021 రిపోర్ట్ ప్రకారం పాత తరహా బైకుల్లో 3 నుంచి 4 శాతం, పాత కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఈ20కి తగ్గట్టు ట్యూన్ చేసిన కార్లలో ఇది 1 నుంచి 2 శాతమే.

అంటే 50 ఇచ్చే బైక్ 48 ఇస్తే ఇథనాల్ వల్ల అనుకోవచ్చు. అదే 40కి పడిపోతే మాత్రం కారణం వేరే ఉందని అర్థం.

సీజన్ మారితే పెట్రోల్ కూడా మారుతుందా?

మారుతుంది. అమెరికాలో చలికాలంలో ఇంజిన్ సులువుగా స్టార్ట్ అయ్యేందుకు త్వరగా ఆవిరయ్యే పెట్రోల్ అమ్ముతారు. అందులో శక్తి కాస్త తక్కువ. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు అక్కడి బంకుల్లో తక్కువగా ఆవిరయ్యే సమ్మర్ పెట్రోల్ ఉండాలి. మన దేశంలోనూ ఎండాకాలానికి, మిగతా నెలలకు ఆవిరి పరిమితులు వేరుగా ఉంటాయి. అయితే హైదరాబాద్ చలి అంత తీవ్రంగా ఉండదు కాబట్టి ఆ తేడా పెద్దగా తెలియదు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది వానాకాలంలో. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. అప్పుడు ఇంజిన్‌కు ముందుగా వెళ్లేది అదే. సెలవులకు ఊరెళ్తూ హాస్టల్ దగ్గర వానలో వదిలేసిన బైక్, తిరిగొచ్చాక మొరాయించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

"తెల్లవారుజామున కొట్టిస్తే పెట్రోల్ ఎక్కువ వస్తుంది" అనేది కూడా పెద్దగా పనిచేయని చిట్కానే. ఒక డిగ్రీ వేడి పెరిగితే పెట్రోల్ పరిమాణం పెరిగేది సుమారు 0.1 శాతం. పైగా బంకు ట్యాంకులు భూమి లోపల ఉంటాయి. అక్కడ పగటికీ రాత్రికీ పెద్ద తేడా ఉండదు.

జేబుపై భారం ఎంత?

మైలేజ్ 50 నుంచి 48కి తగ్గిందనుకుందాం. రోజుకు 20 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగే స్టూడెంట్‌కు 107 రూపాయల రేటుతో అదనంగా పడేది 46 రూపాయలు. అదే రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే డెలివరీ బాయ్‌కి నెలకు 278 రూపాయలు. ఏడాదికి 3,300 పైమాటే! శక్తి తగ్గినా లీటరు రేటు తగ్గలేదు కాబట్టి, ఎక్కువ తిరిగేవాళ్లపైనే ఎక్కువ భారం పడుతోంది.

మరేం చేయాలి?

ముందు అసలు మైలేజ్ ఎంతో తెలుసుకోవాలి. ట్యాంక్ ఫుల్ చేయించి మీటర్ రీడింగ్ రాసుకోండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అదే మీ మైలేజ్. తేడా 4 శాతం దాటితే టైర్లలో గాలి, చైన్, ఎయిర్ ఫిల్టర్ చెక్ చేయించండి. బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడండి. పెద్ద సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ ఆపేయండి. వానాకాలంలో ట్యాంక్ మూత దగ్గర నీరు నిలవకుండా చూసుకోండి.

పెట్రోల్ రేటు, అందులో ఇథనాల్ ఎంత అనేది మన చేతుల్లో లేదు. టైర్లలో గాలి మాత్రం మన చేతుల్లోనే ఉంది.