రికార్డు ప్లేయరుకు అద్దమువంటి మూత యెందుకు?

బాలలారా, రేడియోయు రికార్డు ప్లేయరును కలిసిన పూర్వపు రేడియోగ్రాములు కఱ్ఱబీరువాల వలె నుండి, తమ యంత్రమును లోపల దాచుకొనెడివి. 1956లో జర్మనీలోని బ్రౌన్ సంస్థకై హాన్స్ గూగెలోట్, డీటర్ రామ్స్ అను రూపశిల్పులు తీర్చిన ఎస్‌కే 4 అను రేడియోగ్రాముకు మాత్రము పారదర్శకమైన మూత యమరినది. ఎందుకు?

మొదట ననుకొన్న రేకుమూత, పాట బిగ్గరగా మ్రోగినప్పుడెల్ల స్పీకరు ప్రకంపనములకు తానును కంపించి దడదడలాడుచుండుటచే, దానికి మాఱుగా ఆక్రిలిక్ మూతను బిగించిరి. రొద యడగుటయే కాక, తిరుగుచున్న రికార్డును, దానిపై మెల్లగా లోనికి జరుగు ముల్లును కన్నులార చూచు భాగ్యమును గలిగెను.

తెల్లని లోహదేహము, ఇరుప్రక్కల ఎల్మ్ చెక్క, పైని స్ఫటికమువంటి మూత చూచినవారు, అద్దపుపేటికలో నిదురించిన రాకుమారి కథను తలచి, దానిని 'స్నోవైట్ శవపేటిక' యనిరి. ఆ మూతయే పిమ్మట పెక్కు రికార్డు ప్లేయర్లకు వాడుకయైనది.