జెల్ సీసాకూ శుభ్రత కావాలి

అపోహ: ఎక్స్‌రే తగిలాక క్రిములు బతకవు. ఆ గదిలో ఇన్‌ఫెక్షన్ భయమే లేదు.

వాస్తవం: కిరణాలు క్రిములను చంపే మాట నిజమే. కానీ ఫ్యాక్టరీల్లో సిరంజీలను శుద్ధి చేయడానికి వాడే గామా కిరణాల మోతాదు సుమారు 25,000 గ్రే. ఛాతీ ఎక్స్‌రేకు గ్రేలో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు. ఐసీయూలో ఒకరి వీపు కింద నుంచి తీసిన ఎక్స్‌రే ప్లేటును తుడవకుండా పక్క మంచానికి తీసుకెళ్తే క్రిములూ వెంట వెళ్తాయి. ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి మొండి బ్యాక్టీరియా పొడిగా ఉన్న చోట కూడా వారాల తరబడి బతుకుతుంది.

అపోహ: అల్ట్రాసౌండ్‌లో సూదీ లేదు, కోతా లేదు. పైగా పూసే జెల్ మందులాంటిదే. ఇక ఇన్‌ఫెక్షన్ ఎక్కడిది?

వాస్తవం: జెల్ మందు కాదు. ప్రోబుకూ (ఒంటిపై ఆనించే స్కానింగ్ పరికరం) చర్మానికీ మధ్య గాలి లేకుండా చేయడమే దాని పని. అందులో ఎక్కువ భాగం నీళ్లే. పాడవకుండా పారాబెన్లు కలుపుతారు గానీ బర్కోల్డేరియా జాతి బ్యాక్టీరియాలో కొన్ని వాటినీ అరిగించుకుంటాయి. 2021 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక తయారీదారు జెల్‌ను వాడొద్దని హెచ్చరించింది. ఆ జెల్ వల్ల రోగుల రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ చేరింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ రక్తనాళంలోకి సూది ఎక్కించేటప్పుడు దాన్ని వాడారు. క్రిమి చేరింది ఆస్పత్రిలో కాదు, తయారీలోనే.

ఇక ఆస్పత్రిలో జరిగేది వేరు. సీసా మూతి చర్మానికి తగులుతుంది. ఖాళీ అయితే కడగకుండానే పెద్ద క్యాన్‌లోంచి మళ్లీ నింపుతారు. చల్లగా ఉందని వెచ్చబెడతారు, ఆ వెచ్చదనం క్రిములకూ హాయే. చెక్కుచెదరని చర్మం మీద, అంటే మామూలు కడుపు స్కానింగ్‌కు, మామూలు జెల్ చాలు. సూది దిగే చోట, పుండు ఉన్న చోట మాత్రం ఒక్కసారికే వాడే స్టెరైల్ ప్యాకెట్ వాడాల్సిందే.

అపోహ: టీవీఎస్ (యోనిలోంచి చేసే) స్కాన్‌లో ప్రోబుకు తొడుగు వేస్తారుగా, తర్వాత టిష్యూతో తుడిస్తే సరి.

వాస్తవం: తొడుగుకు కంటికి కనపడని చిల్లులు పడవచ్చు. శ్లేష్మపొరను తాకే పరికరానికి, తొడుగు ఉన్నా సరే, హై లెవెల్ డిస్‌ఇన్‌ఫెక్షన్ (ఉన్నత స్థాయి క్రిమిశుద్ధి) కావాలి. ఎర్ల్ స్పాల్డింగ్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త చేసిన వైద్య పరికరాల విభజన చెప్పేది ఇదే. అయితే ముందు జెల్ అంతా కడిగేయాలి, లేకపోతే క్రిమిసంహారక ద్రావణం లోపలికి అందదు. గ్లూటరాల్డిహైడ్ ద్రావణం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) మీద సరిగా పనిచేయదని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పద్ధతి నయం. ప్రోబును ఎలా శుభ్రం చేశారని అడగడానికి మనవాళ్లకు మొహమాటం, అదేదో డాక్టరుగారిని అనుమానించినట్టు.

అపోహ: అయితే స్కానింగే మానుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. కుట్లు, పుండ్లు ఉంటే టెక్నీషియన్‌కు ముందే చెప్పండి.