తెల్లవారితే పులుపెక్కే ఆకు

మే నెలలో ఢిల్లీ మయూర్ విహార్ సందులో తోపుడుబండి మీద ఎర్రటి కాడలు, దళసరి ఆకులున్న కట్టలు కనిపించాయి. ఏమిటని అడిగితే ‘కుల్ఫా’ అన్నాడు బండి అతను. కుల్ఫీ కాదు, కుల్ఫానే. దగ్గరికెళ్లి చూస్తే మన గంగవాయిలి కూర! కోస్తా వాళ్లు గంగపాయల కూర అంటారు. శాస్త్రవేత్తలకు పోర్టులకా ఒలరేసియా.

45 డిగ్రీల ఎండకి పాలకూర తాళలేదు. ఇది తాళుతుంది. ఆకులోనూ కాడలోనూ నీళ్లు దాచుకుంటుంది కాబట్టి అనుకుంటాం. అది సగమే నిజం.

మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో చక్కెర వండుకుంటాయి. జొన్న, చెరకు ఈ వంటని పట్టపగలు, మండుటెండలో చకచకా కానిస్తాయి. ఈ పద్ధతి పేరు సీ4. నాగజెముడు, అనాసలది ఇంకో దారి. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరిచి, పీల్చిన వాయువుని మాలిక్ ఆమ్లంగా నిలవ చేసుకుంటాయి. ఇది కామ్. నీళ్లు మిగులుతాయిగానీ ఎదుగుదల నిదానం.

గంగవాయిలికి రెండూ వచ్చు. తడి ఉన్నన్నాళ్లూ జొన్నలా బతికి, నేల ఎండగానే రాత్రి షిఫ్టు కూడా మొదలుపెడుతుంది. రెండు పనులూ ఒకే కణాల్లో నడుస్తాయనీ, రాత్రి దాచిన సరుకు పగటి వంటలోకే వెళ్తున్నట్టుందనీ 2022లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

ఇంట్లో చూడాలంటే నాలుక చాలు. కొన్నాళ్లు నీళ్లు పోయని కుండీలోంచి తెల్లారగానే ఒక ఆకు, పొద్దుగూకే ముందు ఒక ఆకు కోసి నమలండి. రాత్రి పోగైన ఆమ్లం పగలు ఖర్చయిపోతుంది కాబట్టి పొద్దుటి ఆకే పుల్లన. ఆక్సలేట్లు కూడా ఎక్కువే. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మేలు.

పసుపుపచ్చ పువ్వు ఎండెక్కాక కొద్ది గంటలే విచ్చుకుంటుంది. పండిన కాయ పైభాగం కుంకుమభరిణె మూతలా ఊడివస్తుంది. లోపల ఆవగింజకన్నా సన్నని నల్ల గింజలు.

గింజే అక్కర్లేదు కూడా. ఆ రోజు తరగ్గా మిగిలిన కాడ ఒకటి మా బాల్కనీ కుండీలో పడి వేళ్లు తొడిగింది. ఇప్పుడు కూర పొద్దున్నే కోస్తున్నాం, పప్పులో చింతపండు కాస్త తగ్గించి వేస్తున్నాం.