ఇంటికి కాపలా: తీగల అలారమా, తీగలు లేనిదా?

వేసవి సెలవులు వస్తున్నాయి. ఇండియా ప్రయాణమంటే నెల రోజులు ఇంటికి తాళం. బీరువాలో అమ్మ పెట్టిన నగలు! “ఏ అలారం మంచిదండీ?” అని మిత్రులు అడుగుతున్నారు.

తలుపు తెరిస్తే మోగే విద్యుత్ గంటకు అమెరికాలో అగస్టస్ పోప్ 1853లోనే పేటెంటు పొందారు. అది తీగలదే. ఈనాడు తలుపుకు అయస్కాంతం, చట్రానికి స్విచ్చి ఉంటాయి. తలుపు తెరవగానే పెట్టెకు కబురు వెళుతుంది. ఆ కబురు తీగమీద వెళ్ళాలా, రేడియో అలలమీద వెళ్ళాలా అన్నదే తేడా.

సొంత ఇల్లు కట్టించుకుంటున్నవారు గోడలు మూయకముందే తీగలు వేయించుకోవడం మేలు. తలుపు తలుపుకీ బ్యాటరీ మార్చే బెడద ఉండదు. కరెంటు పోతే పెట్టెలోని బ్యాటరీ ఆదుకుంటుంది. అద్దె ఇంటివారికి తీగలు లేనిదే నయం. గోడలు పాడుకావు, ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. కాని బ్యాటరీలమీద ఒక కన్ను వేసి ఉంచాలి. మేమొకసారి ఇండియానుంచి తిరిగివచ్చి చూస్తే వెనుక తలుపు బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. దొంగ రాకపోవడం మా అదృష్టం!

ఇంటినుంచి బయటికి కబురు వెళ్ళే దారి కూడా ముఖ్యమే. 2022లో ఇక్కడి పెద్ద ఫోను కంపెనీలు 3జీ ఆపివేసినప్పుడు, దానిమీద ఆధారపడిన పాత పెట్టెలు మూగబోయాయి. లోపలి తీగలు ఎంత బాగున్నా లాభం లేకపోయింది.

కనుక ఏది కొన్నా, బయలుదేరేముందు అలారం కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, ప్రతి తలుపూ తెరిచి పరీక్షించండి. నగలు మాత్రం బ్యాంకు లాకరులోనే ఉంచండి.