రేకు బిళ్ల చెప్పే కథ

ఏటా డిసెంబరు 7న కొందరు పిల్లలు చొక్కాకు చిన్న కాగితం జెండా పెట్టుకుని బడి నుంచి వస్తారు. మీరు చూసే ఉంటారు. సైనికుల కుటుంబాల కోసం చందా ఇచ్చామని దానికి గుర్తు. మన దేశంలో ఈ జెండా దినం 1949లో మొదలైంది. అయితే ఇలాంటి పద్ధతి అంతకు ముందే వేరే దేశాల్లో ఉంది.

ఆస్ట్రేలియా సంగతి చూద్దాం. అది సముద్రాల అవతల, మనకు చాలా దూరంలో ఉన్న దేశం. 1914లో యూరప్‌లో పెద్ద యుద్ధం వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి 3 లక్షల మందికి పైగా ఓడలెక్కి యుద్ధానికి పోయారు. అందులో సుమారు 60,000 మంది తిరిగి రాలేదు.

గాయపడినవాళ్లకు సాయం చేయాలి. డబ్బు కావాలి. అందుకని ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల చేతిలో డబ్బాలు, చిన్న రేకు బిళ్లలు. బిళ్లకు వెనక పిన్నీసు ఉండేది. డబ్బులు వేసినవాళ్ల బట్టలకు ఒక బిళ్ల పెట్టేవాళ్లు. బిళ్ల ఉంటే చందా ఇచ్చినట్టు. లేకపోతే? నలుగురూ చూస్తారు గదా! మనసుండి ఇచ్చినవాళ్లతో పాటు మొహమాటానికి ఇచ్చినవాళ్లూ ఉండే ఉంటారు.

ఆ బిళ్లలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిని చూస్తే అప్పటి జనం ఎవరి కోసం బాధపడ్డారో తెలుస్తుంది. కొన్నింటి మీద బెల్జియం పేరు ఉంది. 1914లో జర్మనీ సైన్యం ఆ చిన్న దేశం మీద పడింది. అక్కడివాళ్లు ఇళ్లు వదిలి పారిపోయారు. యుద్ధంలో గాయపడిన గుర్రాల కోసం కూడా బిళ్లలు అమ్మారు. నోరులేని జీవాలు కదా.

అడిలైడ్ అనే నగరంలో పూల కథ ఉంది. 1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా సైనికులు టర్కీ తీరంలో గల్లిపోలి దగ్గర దిగారు. చాలామంది చనిపోయారు. వాళ్లను అక్కడే పూడ్చిపెట్టారు. తల్లులకు కడసారి చూపు కూడా దక్కలేదు. వెళ్లి పువ్వు పెట్టి వద్దామంటే సమాధి సముద్రం అవతల ఉంది.

అదే ఏడాది జులై 2న అడిలైడ్ ఆడవాళ్లు వీధుల్లో ఊదారంగు పూలు అమ్మారు. అక్కడ జులై అంటే చలికాలం. ఆ పూలు పూసే కాలం అదే. అలెగ్జాండ్రిన్ సీగర్ అనే ఆమె పెట్టిన సంఘం ఈ పని చేసింది. ఆమె కొడుకులూ యుద్ధానికి పోయినవాళ్లే. సంఘంలోని ఆడవాళ్లు సైనికులకు వండి పెట్టేవాళ్లు. పూలతో పాటు బిళ్లలు కూడా అమ్మేవాళ్లు.

ఎవరు ఎక్కడ గెలిచారో యుద్ధం పుస్తకాల్లో ఉంటుంది. ఇంటి దగ్గర ఆడవాళ్లు ఏం చేశారో వెతకాలంటే ఇలాంటి బిళ్లలే దొరుకుతాయి. వాటి మీద ఏడాది ఉంటుంది, ఏ పని కోసమో ఉంటుంది. అమ్మిన ఆమె పేరు మాత్రం ఉండదు. యుద్ధం 1918లో ఆగింది. ఊదాపూల రోజును అడిలైడ్‌లో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి జరిపారు.