డిస్కు పేరును ఎందుకు నమ్మకూడదు?

లైనక్స్‌లో ముందు కంటపడిన సాటా లేదా యూఎస్‌బీ డిస్కుకు ఎస్‌డీఏ, తర్వాతి దానికి ఎస్‌డీబీ అని పేరు పడుతుంది. ఎస్‌డీఏలో మొదటి పార్టిషన్ ఎస్‌డీఏ1. ఇది ఇంటిపేరులా కనిపిస్తుంది కానీ, నిజానికి క్యూలో ఇచ్చే టోకెన్ నంబరు. రేపు ఇంకో డిస్కు తగిలిస్తే ఈ వరస తారుమారు కావచ్చు. నిన్నటి ఎస్‌డీబీ1 అనుకుని ఫార్మాట్ కొడితే ఇవాళ పోయేది మన ఫొటోలే! అందుకే యూయూఐడీని చూడాలి. ఫార్మాట్ చేసేటప్పుడే లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లో రాసిపెట్టే 128 బిట్ల గుర్తు అది. డిస్కును ఏ పోర్టుకు మార్చినా వెంటే వస్తుంది. 'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' అని కొడితే పార్టిషన్ పేరు వరసలోనే కనిపిస్తుంది.

36 అక్షరాల ఆ చాంతాడును ఎవరు గుర్తుపెట్టుకుంటారు అనొచ్చు. అక్కర్లేదు, ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక్కసారి అతికిస్తే చాలు. డిస్కులను గ్రూపుగా కలిపి ఎల్‌వీఎం ఇచ్చే లాజికల్ వాల్యూమ్‌లకైతే ఆ బాధా లేదు. వాటికి పేరు పెట్టేది మనమే. ఏ డిస్కు ఏ గ్రూపుదో ఎల్‌వీఎం ఆ డిస్కుల మీదే రాసుకుంటుంది. కింద ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయినా పైపేరు చెక్కుచెదరదు. అసలు చిక్కు మరోచోట ఉంది. డిస్కును 'డీడీ' కమాండ్‌తో మక్కికి మక్కి కాపీ చేస్తే యూయూఐడీ కూడా కాపీ అవుతుంది, కవలలకు ఒకే ఆధార్ నంబరు ఇచ్చినట్టు. అప్పుడు డిస్కు మోడల్, సీరియల్ నంబరు చూసి ఏది ఏదో తేల్చుకుని, కాపీకి కొత్త యూయూఐడీ ఇవ్వాలి.